పైకప్పు చెమ్మ, పైఇంటి బేరం

ప్రశ్న: మూడేళ్ల కిందట అద్దెకు ఇవ్వడం కోసమే ఒక పాత ఫ్లాటు కొన్నాను. ఏడాది తిరగకముందే స్నానాలగది పైకప్పు మీద చెమ్మ మరక కనిపించింది. రెండుసార్లు గీకించి, పుట్టీ పెట్టించి రంగు వేయించాను. రెండుసార్లూ అదే చోట మళ్లీ తేలింది. ఇప్పుడు పెచ్చులు కూడా రాలుతున్నాయి. అద్దెకున్నవారు ఈ నెల సగం అద్దె ఆపేశారు, బాగు చేయించకపోతే ఖాళీ చేస్తామంటున్నారు. పైఇంటి యజమాని ఇన్నాళ్లూ తన ఇంట్లో లీకేజీ ఏమీ లేదంటూ వచ్చారు. ఇప్పుడు ఆ ఫ్లాటే నాకు అమ్ముతానని, బయటి ధరకన్నా తగ్గించి ఇస్తానని కబురు పెట్టారు. అప్పు తీసుకుంటే కొనగలను. రెండూ నావే అయితే రిపేరు గొడవ తీరుతుంది, రెండో అద్దె కూడా వస్తుంది కదా అనిపిస్తోంది. కొనమంటారా?

సమాధానం: మీ ఉత్తరంలో రిపేరు ఒకటి, బేరం ఒకటి, అద్దె తగాదా ఒకటి కలగలిసి ఉన్నాయి. మూడింటికీ ముడి ఒక్కచోటే ఉంది. ఆ నీరు ఎక్కడినుంచి వస్తోందో ఈ మూడేళ్లలో ఎవరూ చూడలేదు. అది తేలేవరకూ ఆ పైఫ్లాటుకు సరైన ధర ఎంతో ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు. కాబట్టి బేరాన్ని నెల రోజులు పక్కన పెట్టమని నా సలహా. అమ్మదలచుకున్న మనిషి నెల ఆగుతారు. పైగా ఇన్నాళ్లూ మూసి ఉంచిన తలుపు ఈ నెలలో మీకోసం తెరుస్తారు, ఆ అవకాశాన్ని వాడుకోవాలి.

అన్నిటికన్నా ముందు, ఈ రోజే చేయించవలసిన పని ఒకటి ఉంది. చెమ్మ దిగుతున్న చోట లైటు గాని, ఎగ్జాస్టు ఫ్యాను గాని, గీజరుకు వెళ్లే వైరు గాని ఉంటే ఆ సర్క్యూటును బోర్డు దగ్గరే ఆపించి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా వాడవద్దని అద్దెకున్నవారికి చెప్పండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచే రక్షణ స్విచ్చు ఉందో లేదో కూడా అదే రోజు చూపించండి. లేకపోతే పెట్టించండి. రాలుతున్న పెచ్చుల్లో ఊగులాడుతున్నవి ఉంటే కర్రతో తట్టి ముందే దింపించేయాలి, స్నానం చేస్తున్న మనిషి మీద పడేదాకా ఉంచకూడదు.

ఇక నీటి సంగతి. మరక మీద రంగు వేయించడం నేనూ చేసిన పనే కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టలేను. నేను అద్దెకు ఇచ్చిన ఇంట్లో ఒక గోడ ఏడాదిన్నరపాటు చెమర్చింది. మూడుసార్లు రంగు వేయించాను, ఒకసారి బయటివైపు ప్లాస్టరింగు కూడా చేయించాను. చివరికి ఒక ముసలి ప్లంబరు వచ్చి, గోడను చూడకుండా ముందు అద్దాన్ని దించాడు. అద్దం తగిలించడానికి కొట్టిన స్క్రూ లోపలి నీటి పైపును గుచ్చుకుని, తన రంధ్రాన్ని తనే మూసుకుని కొన్ని నెలలు అలాగే ఉండిపోయింది. తుప్పు పట్టి సన్నబడ్డాక మాత్రమే నీటికి దారి ఇచ్చింది. అద్దం వేలాడిన చోటికి మూడు అడుగుల కింద మరక తేలింది. అప్పటినుంచి మరక కింద నిలబడి, పైకి వేలు చూపించి, 'ఇక్కడే కారుతోంది' అని వెంటనే చెప్పే పనివారిని నేను నమ్మడం మానేశాను. స్లాబులోకి దిగిన నీరు తిన్నగా కిందికి రాదు. కాంక్రీటులోని సందుల వెంబడి, పైపుల వెంబడి పాకి, తనకు వీలైన చోట బయటపడుతుంది.

అయితే నీరు ఎక్కడినుంచి వస్తుందో చెప్పే గుర్తు ఒకటుంది, అది వచ్చే వేళ. ఒక పెన్సిలు తీసుకుని మరక అంచు చుట్టూ గీత గీసి, పక్కనే తేదీ, సమయం వేయించండి. ఆ పని అద్దెకున్నవారికే అప్పగించండి, ఎందుకంటే ఆ గదిని రోజుకు నాలుగుసార్లు చూసేది వారే. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, రెండు వారాలపాటు గీతలు పడాలి. రాత్రీ పగలూ తేడా లేకుండా, పైఇల్లు తాళం వేసి ఉన్న రోజున కూడా మరక తడిగానే ఉండి పెరుగుతుంటే, ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే మంచినీటి పైపును అనుమానించాలి. పైవాళ్లు స్నానాలు చేసిన గంట రెండు గంటలకు పెరిగి, వాళ్లు ఊరెళ్లినప్పుడు ఆరిపోతుంటే, నేల మీది టైల్సు సందులు గాని, నీరు పోయే జాలీ చుట్టూ ఉన్న అతుకు గాని, మురుగు పైపు జాయింటు గాని కారణం. వాన పడినప్పుడే పెరిగితే బయటి గోడనో, పైపులు దిగే షాఫ్టునో చూడాలి. ఇవేవీ కాకుండా వేడినీళ్ల స్నానం తర్వాత మాత్రమే పైకప్పంతా సన్నగా చెమట పట్టినట్టు తడిసి, ఒక మరకగా కాక పలచగా నల్లటి బూజుగా పరచుకుంటే, అది లీకేజీ కాకుండా గాలి ఆడని గదిలో ఆవిరి చల్లబడి నీరుగా మారడం కూడా కావచ్చు. మీ విషయంలో పెచ్చులు రాలుతున్నాయి గనుక ఆ చివరిదానికి అవకాశం తక్కువ, కాని కొట్టిపారేయవద్దు.

గీతలు ఒక దిక్కు చూపించాక, పైయజమానిని అడిగి పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి చేయించాలి. అన్నీ ఒకేరోజు చేస్తే ఏ నీరు కిందికి వచ్చిందో మళ్లీ తెలియకుండా పోతుంది. మొదట నీటి సరఫరా పైపు. పైఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మీటరు ఉంటే దాని అంకె రాసుకుని, ఎవరూ నీళ్లు వాడకుండా రెండు గంటల తర్వాత మళ్లీ చూడాలి. అంకె కదిలితే ఎక్కడో నీరు పోతున్నట్టే. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా రోజుకు 4 లీటర్లు దాటుతుంది, పైవారికి బిల్లులో తెలియకపోయినా మీ పైకప్పుకు అది చాలా ఎక్కువ. రెండో పరీక్షకు, నీరు పోయే రంధ్రాన్ని గట్టిగా బిగించి, నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నింపి 24 గంటలు వదలాలి. కింద గీత దాటితే నేలలోని వాటర్‌ప్రూఫింగు దెబ్బతిన్నట్టు. ఆ మరక ఆరాక మూడోది. నేలను తడపకుండా, గరాటుతో నేరుగా పైపులోకే రంగు కలిపిన నీళ్లు ఒక బకెట్టు పోయాలి. కింద రంగు కనిపిస్తే దోషం మురుగు పైపుది. ఫ్లష్ ట్యాంకుకూ ఇదే పద్ధతి. ట్యాంకులో రంగు వేసి అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచితే, కారే వాల్వు తన రంగును తనే కమోడులో చూపిస్తుంది. ఈ పరీక్షలకు ఖర్చు పెద్దగా లేదు, కావలసిందల్లా పైయజమాని సహకారం. ఇల్లు అమ్మాలనుకుంటున్నవారు వీటికి ఒప్పుకోకపోతే, ఆ నిరాకరణనే మీరు ఒక ఫలితంగా రాసిపెట్టుకోవచ్చు.

పెచ్చుల విషయాన్ని ఇంకొంచెం శ్రద్ధగా చూడమంటాను. కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారమే లోపలి ఇనుప కడ్డీలకు తుప్పు పట్టకుండా కాపలా. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్లతరబడి లోపలికి చేరేకొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది, దానికి తడి కూడా తోడైతే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు కోరుతుంది గనుక చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచే తోసి పెచ్చులుగా ఊడగొడుతుంది. ఊడిన చోట పుట్టీ, ప్లాస్టరు మాత్రమే రాలి గట్టి కాంక్రీటు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అలా కాక సమాన దూరాల్లో తిన్నని గోధుమరంగు చారలు గాని, కడ్డీ వెంబడే సాగిన పగులు గాని, సుత్తితో మెల్లగా తట్టినప్పుడు డొల్ల శబ్దం గాని ఉంటే, మేస్త్రీతో సరిపెట్టకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. అప్పుడు తుప్పును శుభ్రం చేసి, కడ్డీ మందం ఎంత తగ్గిందో కొలిచి, దానికి తగిన మోర్టారుతో పూడ్చవలసి ఉంటుంది. దానిమీద పుట్టీ రాయడం అంటే పుండు మీద గుడ్డ కప్పడమే.

పని మొదలుపెట్టేటప్పుడు ముగ్గురిని పిలిచి ధర అడగడం అందరూ చేసేదే. నేను ధర కన్నా ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: 'నీరు ఎక్కడినుంచి వస్తోంది, అది మీకెలా తెలిసింది?' ఈ రెండో సగానికి జవాబు లేనివారు చెప్పిన ధర తక్కువైనా నాకు ఖరీదే. కింది వైపునుంచి స్లాబులోకి రసాయనం ఎక్కించి లీకు ఆపుతామనేవారు తప్పకుండా ఎదురవుతారు. కొన్ని పగుళ్లకు అది పనికొస్తుంది, కాని నేల మీద వాటర్‌ప్రూఫింగే పోయినచోట ఒక దారి మూస్తే నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది, ఆరు నెలల తర్వాత పక్కగదిలో తేలుతుంది. పైఇంటి నేల తీయవలసి వస్తే తీయించడమే మంచిది. అప్పుడు వాటర్‌ప్రూఫింగు పొర నేలతో ఆగకుండా గోడమీదికి కనీసం 15 సెంటీమీటర్లు, షవరు ఉన్న వైపు ఇంకా ఎత్తుగా ఎక్కాలి. ఎక్కువసార్లు విఫలమయ్యేది నేల, గోడ కలిసే మూలలోనూ, పైపు నేలను తొలుచుకుని దిగే చోటానూ. పొర ఆరాక, టైల్సు పరచకముందే, మళ్లీ 24 గంటలు నీళ్లు నింపి కింద గీతలు చూడాలి. ఆ పరీక్ష నెగ్గేదాకా చెల్లింపులో కొంత భాగం మీ దగ్గరే ఉండాలి, ఆ మాట పని మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి. పైపులు మూసేయకముందు టేపు పట్టి దూరాలు కనిపించేలా ఫోటోలు తీసి దాచుకోండి. నా అద్దం కథలో అలాంటి ఫోటో ఒక్కటున్నా ఆ స్క్రూ అక్కడ దిగేది కాదు.

లీకు ఆగిన మరునాడే రంగు వేయించవద్దు. తడిసిన ప్లాస్టరు, స్లాబు ఆరడానికి వారాలు పడుతుంది, నెలలూ పట్టవచ్చు. అంగుళం మందానికి సుమారు ఒక నెల అనేది మోటు లెక్క. పెన్సిలు గీతల లోపల మరక కుంచించుకుపోతూ, ఉప్పులాంటి తెల్లటి పొడి తేలడం ఆగిపోయాక వేసిన రంగే నిలుస్తుంది.

ఇప్పుడు పైఫ్లాటు కొనే మాట. రెండూ మీ చేతిలో ఉంటే గొడవ తీరుతుందన్న మీ ఆలోచనలో కొంత నిజముంది. నేల తవ్వడానికి మరొకరి అనుమతి అక్కరలేకపోవడం అద్దె ఇళ్ల యజమానికి నిజంగా విలువైన సౌకర్యం. కాని లీకు పైఇంటి నేలదే అయితే, ఆ రిపేరు ఖర్చు ఇప్పుడు కనీసం చర్చలో ఉంది. కొన్న మరునాటి నుంచి అదంతా మీ ఒక్కరిదే. లీకు అందరికీ ఉమ్మడి అయిన మురుగు పైపుదో బయటి గోడదో అయితే, పైఫ్లాటు కొన్నందువల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు, తడిసే ఇళ్లు ఒకటికి రెండవుతాయి. అదీ కాక ఒకే భవనంలో, ఒకే వయసున్న పైపులతో, ఒకే చేతివాటం మేస్త్రీలు కట్టిన రెండు ఫ్లాట్లు పాడవడమూ దాదాపు ఒకేసారి పాడవుతాయి. మీ పైకప్పులో కనిపిస్తున్నది ఆ ఫ్లాటు పైకప్పులో రేపు కనిపించదని ఎవరు చెప్పగలరు? కొనాలనుకుంటే దాని పైకప్పునూ, దానికి పైన ఉన్నవారినీ ముందే పలకరించి రావాలి.

ధర తగ్గించి ఇస్తానంటున్నారు గదా, ఆ తగ్గింపును మీరు లెక్క కట్టే తీరు ఇలా ఉండాలి. మొదటి ఫ్లాటు అనుభవమే మీకు దొరికిన నిజమైన పద్దు. నెల అద్దె 100 అనుకుందాం. ఏడాదికి 1200 అని అందరూ గుణిస్తారు. అద్దెకున్నవారు మారేటప్పుడు ఒక్క నెల ఖాళీగా ఉంటే 1100, అంటే ఏడాది రాబడిలో 8 శాతానికి పైగా అక్కడే పోయింది. మరమ్మతులకు ఇంటి విలువలో ఏటా 1 శాతం తీసి ఉంచాలనే మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది. దాన్ని గుడ్డిగా పాటించలేం, ఎందుకంటే విలువలో భూమి వాటా కూడా ఉంటుంది, భూమికి పెచ్చులు రాలవు. అయినా దానిలో గమనించవలసింది ఉంది. ఏడాది అద్దె ఇంటి విలువలో 4 శాతమే అయితే, ఆ 1 శాతం మీ అద్దెలో నాలుగో వంతు. 8 శాతం అయితే ఎనిమిదో వంతు. అద్దె తక్కువ పలికే ఖరీదైన ఇంటికి రిపేరు ఎక్కువ బరువుగా తోచడం ఇందుకే.

నాకు ఇంకా నమ్మకమైన పద్ధతి వస్తువు వారీగా రాసుకోవడం. రంగులకు రెండు నెలల అద్దె పడుతుందనీ, అవి ఐదేళ్లు నిలుస్తాయనీ అనుకుంటే, 200ను 60 నెలలకు పంచితే నెలకు 3 రూకలు దాటుతుంది. గీజరు, మోటారు లాంటివాటికి కలిపి మూడు నెలల అద్దె, పదేళ్ల ఆయుష్షు అనుకుంటే నెలకు 2.5. స్నానాలగది నేల తిరిగి వేయించడానికి ఆరు నెలల అద్దె, పదిహేనేళ్లు అనుకుంటే మరో 3 పైచిలుకు. ఈ మూడింటికే నూటికి 9 అయిపోయాయి, వైరింగు, తలుపులు, కుళాయిలు ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఇంటి అంకెలు మీరు వేసుకోవాలి. ఆ సొమ్మును ప్రతి నెలా వేరే ఖాతాలో వేసి ఉంచితే, రిపేరు వచ్చిన రోజున అది నష్టంగా కాక ఖర్చుగానే కనిపిస్తుంది. గత మూడేళ్లలో మీరు అలా తీసి ఉంచి ఉంటే, పెయింటరు బదులు మొదటి ఏడాదే ప్లంబరును పిలిచి ఉండేవారని నా అనుమానం. చేతిలో డబ్బు లేనప్పుడు మనిషి చవకైన పనివైపే మొగ్గుతాడు.

దీని మీద అప్పు. ధరలో 20 శాతం మీది, 80 శాతం అప్పు అనుకోండి. ఇంటి ధర 10 శాతం తగ్గితే మీ సొంత డబ్బులో సగం తుడిచిపెట్టుకుపోతుంది, అప్పు మాత్రం ఒక్క పైసా తగ్గదు. పెరిగినప్పుడు లాభం కూడా అలాగే ఐదు రెట్లుగా కనిపిస్తుంది కాబట్టే అందరికీ ఆశ. నెలవారీ వాయిదా 130, అద్దె 100 అయితే ప్రతి నెలా 30 మీ జీతంలోంచి వెళుతుంది, ఇల్లు ఖాళీగా ఉన్న నెల మొత్తం 130 వెళుతుంది. రెండు ఫ్లాట్లూ ఒకేసారి ఆరు నెలలు ఖాళీగా ఉండి, అదే సమయంలో ఒక స్నానాలగది నేల తవ్వవలసి వచ్చినా వాయిదా తప్పకుండా కట్టగలరా అని మీకు మీరే అడగండి. స్నానాలగది తవ్వినప్పుడు పై, కింది ఇళ్లు రెండూ ఖాళీ అవడం ఊహించలేనిది కాదు. కట్టగలనంటే బేరంలోకి దిగండి. పరీక్షల్లో దోషం ఆ ఫ్లాటుదేనని తేలితే, తగ్గింపులో నుంచి రిపేరు ఖర్చు, అది జరిగేటప్పుడు రెండిళ్లకూ పోయే అద్దె, మీ పైకప్పు బాగుచేసే ఖర్చు, మూడూ తీసేశాక మిగిలిందే మీకు నిజంగా తగ్గించిన ధర. ఏమీ మిగలకపోతే ఆయన తన రిపేరును మీకు అమ్ముతున్నారన్నమాట. కట్టలేనంటే, పరీక్ష ఫలితాలు చూపించి ఆయన చేతనే బాగు చేయించడానికి ప్రయత్నించండి. ఇద్దరికీ మధ్య ఖర్చు ఎవరిదన్నది మీ ప్రాంతపు చట్టాన్నీ, భవన సంఘం నియమాలనూ బట్టి ఉంటుంది. ఏదైనా తేదీలతో ఉన్న గీతల ఫోటోలు మాటకన్నా బలంగా పనిచేస్తాయి. ఆయన అమ్మాలనుకుంటున్న ఇంటికి లీకు ఉందని రాతలో నమోదు కావడం ఆయనకూ ఇష్టముండదు.

ఇంతకూ అద్దెకున్నవారి సంగతి. సగం అద్దె ఆపినందుకు మీకు కోపం వచ్చినట్టు ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఒప్పందపత్రం ప్రకారం, చట్టం ప్రకారం వారికి ఆ హక్కు ఉందో లేదో విడిగా కనుక్కోండి. ఆ జవాబు ఏదైనా, నేను మీ స్థానంలో ఉంటే ఈ వారమే స్వయంగా వెళ్లి, పైకప్పు చూసి, 'రెండు వారాలు గీతలు గీయాలి, తర్వాత పరీక్షలు, ఆ తర్వాత పని' అని తేదీలు వేసిన కాగితం ఒకటి వారి చేతిలో పెడతాను. ఆ గది పూర్తిగా వాడుకలోకి వచ్చేదాకా అద్దెలో ఎంత తగ్గిస్తానో నేనే ముందుగా చెబుతాను. వారు ఖాళీ చేస్తే లీకున్న ఇంటికి కొత్తవారు దొరికేసరికి పోయే అద్దె, ఈ తగ్గింపు కన్నా తప్పకుండా ఎక్కువ అవుతుంది. అదీ కాక రెండేళ్లుగా మరక గురించి వారు చెబుతూనే ఉన్నారు, మీరు పెయింటరును పంపుతూ వచ్చారు. రేపు వంటగది సింకు కింద చెమ్మ కనిపిస్తే అదే రోజు మీకు ఫోను చేయాలా, వద్దా అని వారు నిర్ణయించుకునేది ఈసారి మీరు ఎలా స్పందిస్తారన్నదాన్ని బట్టే. వెళ్లేటప్పుడు పెన్సిలు మరచిపోకండి, మొదటి గీత మీరే గీసి, తేదీ వేసి రండి.